సగం మూసిన కటకం

చీకటి గదిలో ఒక బల్బు వెలుగుతోంది. దాని ముందు కుంభాకార కటకం, కటకానికి అవతల తెల్లటి తెర. తెర మీద బల్బు ప్రతిబింబం తలకిందులుగా, స్పష్టంగా పడింది. ఇప్పుడు కటకం పైభాగాన్ని సగం వరకూ నల్లకాగితంతో మూస్తే తెర మీది బొమ్మ ఏమవుతుంది?

పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లను అడిగినా, ఇంజినీరింగ్ పట్టా చేతిలో ఉన్నవాళ్లను అడిగినా తరచుగా వచ్చే జవాబు ఒకటే: బొమ్మ సగం పోతుంది. పోయేది పైసగమా, కిందిసగమా అన్న దగ్గరే వాదన మొదలవుతుంది. నిజానికి ఏ సగమూ పోదు. బల్బు బొమ్మ ఎక్కడున్నది అక్కడే, ఎంత ఉన్నది అంతే ఉంటుంది. వెలుగు మాత్రం తగ్గుతుంది.

ఈ పొరపాటు ఒక్క మన పిల్లలది కాదు. అమెరికాలో ఫ్రెడ్ గోల్డ్‌బర్గ్, లిలియన్ మెక్‌డెర్మట్ అనే ఇద్దరు భౌతికశాస్త్ర అధ్యాపకులు కాలేజీ విద్యార్థులను సరిగ్గా ఇలాంటి పరికరాల ముందు కూర్చోబెట్టి ఇవే ప్రశ్నలు అడిగారు. ఆ ఫలితాలు 1987లో అచ్చయ్యాయి. కటకాన్ని సగం మూస్తే బొమ్మ సగం పోతుందని చాలామంది చెప్పారు. కటకాన్ని పూర్తిగా తీసేస్తే బొమ్మ అక్కడే ఉండి నిటారుగా మారుతుందన్నవాళ్లూ ఉన్నారు. కాంతి పాఠం అప్పటికే పూర్తిచేసి, లెక్కలు తప్పు లేకుండా చేసిన విద్యార్థులు కూడా తడబడ్డారు. అంటే లోపం పిల్లల తెలివిలో లేదు. పాఠం చెప్పే తీరులో ఉంది.

ఆ తీరు ఎలాంటిదో తెలుగు విద్యార్థులందరికీ తెలుసు. ప్రధానాక్షం గీయాలి. కటకం గీయాలి. నాభి, నాభ్యాంతరానికి రెట్టింపు దూరం గుర్తించాలి. వస్తువు కొన నుంచి ఒక కిరణాన్ని అక్షానికి సమాంతరంగా తీసుకెళ్లి నాభి గుండా వంచాలి. ఇంకో కిరణాన్ని కటక కేంద్రం గుండా నేరుగా పంపాలి. రెండూ కలిసిన చోట ప్రతిబింబం. వస్తువు అనంత దూరంలో ఉంటే ఒక పటం, వక్రతా కేంద్రానికి అవతల ఉంటే మరో పటం. ఇలా ఆరు సందర్భాలు. ఆరింటినీ కళ్లు మూసుకుని గీయగల పిల్లలు వేలల్లో ఉన్నారు. ఆ పటాల్లో తప్పేమీ లేదు. కానీ రోజుల తరబడి రెండే కిరణాలు గీసిన చేతికి, ప్రతిబింబం ఆ రెండు కిరణాలతోనే తయారవుతుందన్న నమ్మకం అంటుకుంటుంది. పైసగం మూస్తే పై కిరణం ఆగిపోతుంది, కాబట్టి బొమ్మ చెడిపోవాలి. పటాన్ని నమ్మినవాడికి ఇంతకన్నా సహజమైన తర్కం లేదు.

ఊరి చివరి తాటిచెట్టును తీసుకుంటే ఆ నమ్మకం ఎంత బలహీనమైందో తెలుస్తుంది. అరచేతిలో పట్టే భూతద్దంతో దాని బొమ్మను గోడ మీద పట్టవచ్చు. అయితే చెట్టు కొన నుంచి ప్రధానాక్షానికి సమాంతరంగా బయల్దేరే కిరణం, అంటే పటంలో మొదట గీసేది, భూతద్దాన్ని తాకనే తాకదు. ఎన్నో మీటర్ల ఎత్తులో, తల మీదుగా వెళ్లిపోతుంది. పటంలో ముఖ్యమైన కిరణం గదిలోకే రాలేదు. అయినా తాటాకులతో సహా చెట్టంతా గోడ మీదికి దిగింది.

ఫలానా రెండు వీధులు కలిసే చోట మా ఇల్లు అని చెబితే కొత్తవాళ్లకు ఇల్లు దొరుకుతుంది. అంతమాత్రాన ఆ ఊళ్లో రెండే వీధులున్నాయని ఎవరూ అనుకోరు. కిరణ చిత్రం చేసే పని కూడా అదే. బొమ్మ ఎక్కడ పడుతుందో వెతికిపెడుతుంది. బొమ్మ దేనితో తయారవుతుందో అది చెప్పదు.

దేనితో తయారవుతుంది మరి? వెలుగుతున్న వస్తువులోనైనా, వెలుగు పడిన వస్తువులోనైనా ప్రతి బిందువూ అన్ని దిక్కులకూ కాంతిని వెదజల్లుతుంది. తాటిచెట్టు కొనలో ఒక ఆకు అంచు నుంచి బయల్దేరిన కాంతి భూతద్దం పైఅంచునూ తాకుతుంది, కిందిఅంచునూ తాకుతుంది, మధ్యలో ప్రతి చోటునూ తాకుతుంది. కొన ఆకు దగ్గర, అడుగు భూతద్దం మీద ఉన్న ఒక సన్నని శంకువు అది. గాజు వంపు ఎంత నేర్పుగా ఉంటుందంటే, ఏ చోట తాకిన కాంతినైనా సరిగ్గా కావలసినంత వంచి, అవతల మళ్లీ ఒకే బిందువు దగ్గరికి చేరుస్తుంది. ఆకు అంచుకు గోడ మీద ఒక చుక్క. మొదలుకు ఇంకో చుక్క. ఇలా చుక్క చుక్కగా ముగ్గు నిండినట్టు బొమ్మ నిండుతుంది.

దీన్నుంచి తేలేది కొంచెం వింతగానే ఉంటుంది. భూతద్దంలోని ప్రతి చిన్న ముక్కా చెట్టు మొత్తాన్ని గీస్తోంది. పైముక్క గీసే బొమ్మ, కిందిముక్క గీసే బొమ్మ, అంచు గీసే బొమ్మ అన్నీ ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చుంటున్నాయి. సగం మూస్తే సగం చిత్రకారులు పని మానేశారు. మిగిలినవాళ్లు మొత్తం బొమ్మనే గీస్తున్నారు. రంగు కాస్త పలచబడింది, అంతే. సెల్‌ఫోన్ కెమెరా అద్దం మీద చిన్న దుమ్ము రేణువు ఉన్నా ఫొటోలో నల్లచుక్క పడకపోవడానికి కారణం ఇదే.

కటకం లేకుండా కూడా బొమ్మ పడుతుంది. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కింద నేల మీద పరుచుకునే గుండ్రటి వెలుగు బిళ్లలను చూడనివారు ఉండరు. ఆకుల మధ్య సందులు గుండ్రంగా ఉండవు. మూడు మూలలవి, వంకరటింకరవి. అయినా నేల మీద బిళ్లలు గుండ్రంగానే ఉంటాయి. అవి సందుల ఆకారాలు కావు గనుక. అవి సూర్యుడి ప్రతిబింబాలు. ఆకు సందు నేలకు ఎంత ఎత్తులో ఉంటే, అందులో దాదాపు 110వ వంతు వెడల్పుతో సూర్యుడి బొమ్మ పడుతుంది. ఐదున్నర మీటర్ల ఎత్తున సందు ఉంటే నేల మీది బిళ్ల సుమారు ఐదు సెంటీమీటర్లు. 2019 డిసెంబరు 26న తెలుగు రాష్ట్రాల్లో పాక్షిక సూర్యగ్రహణం కనిపించినప్పుడు చెట్ల కింద బిళ్లలన్నీ ఒక్కసారిగా కొడవళ్లయ్యాయి. వందల సూర్యులు, వందల గ్రహణాలు, వాకిట్లోనే. పిల్లలను గదుల్లోనే ఉంచి తలుపులు వేసుకున్న ఇళ్లు ఎంత గొప్ప పాఠాన్ని పోగొట్టుకున్నాయో!

హంపి విరూపాక్షాలయానికి వెళ్లిన తెలుగు యాత్రికులు ఆలయం వెనుక భాగంలోని చీకటి గదిలో ప్రధాన గోపురం నీడ తలకిందులుగా పడటాన్ని చూసే ఉంటారు. గోడలో చిన్న రంధ్రం; అవతల ఎండలో తొమ్మిది అంతస్తుల గోపురం; ఇవతల గోడ మీద గోపురం శిఖరం కిందికి, పునాది పైకి. అందరూ దాన్ని నీడ అనే అంటారు. నిజానికి అది నీడ కాదు, వెలుగుతో ఏర్పడిన బొమ్మ. శిఖరం నుంచి వచ్చే కాంతి రంధ్రంలోంచి దిగువకు, పునాది నుంచి వచ్చేది ఎగువకు పోక తప్పదు. అందుకే తిరగబడుతుంది. అక్కడి గైడ్లు గోడ దగ్గర తెల్లకాగితం పట్టి చూపిస్తే జనం నోరెళ్లబెట్టి చూస్తారు. పదో తరగతి పాఠం మొత్తంలో లేని ఆశ్చర్యం ఆ ఒక్క కాగితంలో ఉంటుంది.

రంధ్రంతో ఒక చిక్కుంది. చిన్నదిగా ఉంటే బొమ్మ స్పష్టంగా ఉంటుంది, కానీ మసకచీకటిలా కనిపిస్తుంది. వెలుగు కోసం రంధ్రాన్ని పెద్దది చేస్తే ఒక్కో బిందువూ గోడ మీద పెద్ద మచ్చగా పరుచుకుని బొమ్మ అలుక్కుపోతుంది. ఆ పెద్ద రంధ్రంలో భూతద్దాన్ని బిగించి, గోడ సరైన దూరంలో ఉండేలా చూసుకుంటే మచ్చ మళ్లీ చుక్కగా ముడుచుకుంటుంది. కటకం వచ్చింది బొమ్మను పుట్టించడానికి కాదు. ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తూనే దాన్ని క్రమంలో పెట్టడానికి.

ఇంత చిన్న విషయం అర్థం కావడానికి మానవజాతికి చాలాకాలం పట్టింది. బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైథమ్ వెయ్యేళ్ల కిందట కాంతి మీద పెద్ద గ్రంథం రాశాడు. కంటిలోంచి చూపు బయటికి వెళ్లి వస్తువును తాకుతుందన్న పాత వాదాన్ని తోసిపుచ్చి, వస్తువు నుంచి వెలుగే కంటిలోకి వస్తుందని నిలబెట్టాడు. కానీ ఒక చోట ఆగిపోయాడు. ఒక్కో బిందువు నుంచి అన్ని కిరణాలు కంటి మీద పడితే చూపు కలగాపులగం కావాలి కదా? అందుకని కంటి మీద నిటారుగా పడే కిరణాన్నే లెక్కలోకి తీసుకున్నాడు. బిందువుకు ఒక్క కిరణం. ఈనాటి పదో తరగతి విద్యార్థి పడే గోతికి ఇది ఎంత దగ్గర! అంతటి మేధావి ఆగినచోట పిల్లలు ఆగితే వాళ్లను నిందించడం న్యాయం కాదు.

ముడి విప్పినవాడు యోహానెస్ కెప్లర్. గ్రహాల గతులు కనిపెట్టినవాడిగా ఆయన పేరు అందరికీ తెలుసు. చిన్నప్పుడు మశూచి సోకి ఆయన చూపు దెబ్బతిన్నదన్నది అంతగా తెలియని సంగతి. 1600 జులైలో గ్రాజ్ పట్టణపు సంతవీధిలో సన్నని రంధ్రం ఉన్న పరికరంతో ఆయన సూర్యగ్రహణాన్ని కొలిచాడు. ఆ కొలతలు లేవనెత్తిన అనుమానాలు ఆయన్ను కాంతిశాస్త్రంలోకి లాగాయి. రంధ్రం గుండా కాంతి ఎలా వెళ్తుందో తేల్చుకోవడానికి ఆయన చేసిన పని ముచ్చటైనది. ఒక పుస్తకాన్ని ఎత్తులో పెట్టాడు. దాని మూల నుంచి ఒక దారాన్ని, మూలలు మూలలుగా కోసిన రంధ్రం అంచుల వెంట పోనిచ్చి, నేల మీద దాని కొస ఎక్కడెక్కడ తగులుతుందో సుద్దతో గీశాడు. రంధ్రం ఆకారమే నేల మీద వచ్చింది. తర్వాత పుస్తకం రెండో మూల నుంచి, మూడో మూల నుంచి, అంచుల నుంచి దారం లాగాడు. గీసిన ఆకారాలన్నీ ఒకదాని మీదొకటి పడి చివరికి నేల మీద పుస్తకం ఆకారం తేలింది. 1604లో అచ్చయిన గ్రంథంలో ఇదే ఆలోచనను కంటికి వర్తింపజేశాడు: వస్తువులోని ప్రతి బిందువు నుంచి వచ్చే కాంతి శంకువు కంటిపాప మొత్తాన్నీ నింపుతుంది, లోపల మళ్లీ ముడుచుకుని రెటీనా మీద ఒక బిందువవుతుంది, అక్కడ బొమ్మ తలకిందులుగా ఉంటుంది. ఇది ఒక పుస్తకం, దారం, సుద్దముక్కతో మొదలైన శాస్త్రం. బడుల్లో దాన్ని స్కేలు, పెన్సిలు దగ్గర ఆపేయడం బాధాకరం.

అద్దాల సంగతికి వస్తే, స్టీలు గ్లాసులో పాలు పోసి పక్కనుంచి దీపపు వెలుగు పడేలా పెట్టి చూడాలి. పాల మీద రెండు మెరిసే వంపులు వచ్చి ఒక మొనలో కలుస్తాయి. గ్లాసు లోపలి గోడ గుండ్రటి అద్దంలా పనిచేసి వెలుగును ఒక్క బిందువుకు చేర్చలేక అలా ఒలకబోస్తోంది. పుటాకార దర్పణం సమాంతర కిరణాలను నాభి దగ్గర కలుపుతుందని పాఠం చెబుతుంది. గోళం నుంచి కోసిన దర్పణానికి ఆ మాట అక్షానికి దగ్గరి కిరణాల విషయంలోనే చెల్లుతుంది. అంచుల మీద పడే కిరణాలు కాస్త ముందే కలిసిపోతాయి. అన్ని చోట్ల పడిన కిరణాలూ ఒకే బిందువుకు రావాలంటే ఆకారం పరావలయం కావాలి. డయోక్లీజ్ అనే గ్రీకు గణితవేత్త దాదాపు 2,200 ఏళ్ల కిందటే దీన్ని నిరూపించాడు.

ఆ పరావలయం నుంచి ఏ ముక్క కోసినా అదీ పనిచేస్తుంది. మేడల మీది డీటీహెచ్ డిష్‌ను గమనిస్తే సిగ్నల్ అందుకునే పరికరం డిష్ మధ్యలో కాకుండా కింది వైపు నుంచి చాచుకుని ఉంటుంది. పెద్ద పరావలయపు గిన్నెలో ఒక పక్క ముక్కను కోసి తెచ్చి పెట్టారు కాబట్టి అలా కుదిరింది. 2002లో తిరుమలలో సూర్యరశ్మితో ఆవిరి పుట్టించి రోజుకు 15 వేల మందికి వండే సామర్థ్యంతో 106 పరావర్తక డిష్‌లను ఏర్పాటు చేశారు. అవి కూడా ఇలా పరావలయం పక్క నుంచి తీసిన ముక్కలే. ముక్క చాలు, మొత్తం పని జరుగుతుంది. సగం మూసిన కటకం ప్రశ్నకు జవాబు ఏళ్లుగా డాబాల మీద కూర్చుని ఉంది.

పెద్ద దూరదర్శినుల దగ్గర ఇది మరింత స్పష్టం. తమిళనాడులోని కావలూరులో 2.34 మీటర్ల దర్పణంతో ఉన్న వేణు బప్పు టెలిస్కోపు 1986లో ప్రారంభమైంది. దానికి పేరిచ్చిన ఖగోళ శాస్త్రవేత్త బప్పు తండ్రి హైదరాబాద్ నిజామియా వేధశాలలో పనిచేశారు. బప్పు పెరిగిందీ, నిజాం కాలేజీలో చదివిందీ ఆ నగరంలోనే. ఇలాంటి టెలిస్కోపుల్లో పెద్ద దర్పణానికి ఎదురుగా, సరిగ్గా మధ్యలో ఏదో ఒక పరికరమో చిన్న దర్పణమో వేలాడుతూ వచ్చే వెలుగుకు అడ్డుపడుతూ ఉంటుంది. అయినా చందమామ ఫొటోలో నడుమ చిల్లు కనిపించదు. కనిపించాలని పదో తరగతి పటం చెబుతుంది. కనిపించదని చందమామ చెబుతుంది.

2022 ఫిబ్రవరిలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు పంపిన తొలి చిత్రాల్లో ఒకటి ఈ పాఠానికే గీసినట్టుంటుంది. ఆరున్నర మీటర్ల వెబ్ దర్పణం ఒకే పలక కాదు, బంగారు పూత పూసిన 18 షడ్భుజుల కూర్పు. అంతరిక్షంలో విచ్చుకున్నాక దాన్ని సప్తర్షి మండలంలోని ఒకే ఒక్క నక్షత్రం వైపు తిప్పారు. ఫొటోలో 18 నక్షత్రాలు వచ్చాయి! ప్రతి పలకా తనకు తానే ఆ నక్షత్రం బొమ్మను పూర్తిగా గీసి, తలో చోట పెట్టింది. ఆ తర్వాత వారాల తరబడి పలకలను వెంట్రుకలో వేల వంతు కొలతల్లో జరుపుతూ 18 బొమ్మలనూ ఒకదాని మీదకు ఒకటి తెచ్చి ఒక్క చుక్క చేశారు. ఫోకస్ అన్న మాటకు ఇంతకన్నా మంచి నిర్వచనం దొరకదు. దర్పణంలోని ముక్కలన్నీ ఒకే మాట మీదికి రావడమే ఫోకస్.

ముక్కలు ఒకే మాట మీద లేకపోతే ఏమవుతుందో హబుల్ చూపించింది. 1990లో ఆకాశానికి వెళ్లిన ఆ టెలిస్కోపు 2.4 మీటర్ల దర్పణాన్ని అపూర్వమైన నునుపుతో చెక్కారు. కానీ చెక్కుడును పరీక్షించే పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్ల మేర తప్పుచోట కూర్చుంది. ఆ పరికరాన్ని నమ్మి చెక్కడంతో దర్పణం అంచు ఉండాల్సినదానికన్నా 2.2 మైక్రోమీటర్లు పల్లంగా వచ్చింది. వెంట్రుక మందంలో అది దాదాపు 50వ వంతు. అంచు నుంచి వచ్చిన వెలుగు ఒక చోట, నడుమ నుంచి వచ్చింది ఇంకో చోట కలవడంతో ప్రతి నక్షత్రం చుట్టూ వెలుగు చిందిపోయింది. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి, ఆ తప్పుకు సరిగ్గా విరుగుడుగా చెక్కిన చిన్న దర్పణాలను అమర్చి, కెమెరాను మార్చి వచ్చారు. అంత ఎత్తున ఉన్న కంటికి కళ్లజోడు పెట్టారన్నమాట.

నేల మీది కళ్ల దగ్గరికి వస్తే ఇదే పాఠం నేరుగా ఇళ్లలోకి వస్తుంది. మనిషి కంటి పవర్ సుమారు 60 డయాప్టర్లు. అందులో మూడింట రెండు వంతులు లోపలి కటకానిది కాదు, ముందు భాగంలోని కార్నియాది. గాలిలోంచి కార్నియాలోకి వచ్చేటప్పుడే వెలుగు ఎక్కువగా వంగుతుంది. బావిలో మునిగి కళ్లు తెరిస్తే అంతా అలుక్కుపోయినట్టు కనిపించేది అందుకే. నీటికీ కార్నియాకూ పెద్ద తేడా లేదు, వెలుగు వంగదు. ఈతగాళ్ల గాగుల్స్ కంటి ముందు కాస్త గాలిని నిలబెడతాయి, అంతటితో చూపు తిరిగొస్తుంది.

నలభై దాటాక వచ్చే చత్వారం సంగతి ఈ పత్రికను చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదువుతున్నవారికి వేరే చెప్పక్కర్లేదు. లోపలి కటకం బిరుసెక్కి, దగ్గరి వస్తువుల కోసం కావలసినంత ఉబ్బలేకపోతుంది. వాళ్లు ఒక పని చేసి చూడవచ్చు. కాగితంలో సూదితో రంధ్రం పొడిచి, కంటికి ఆనించి, మంచి వెలుగులో దానిలోంచి చూస్తే కళ్లజోడు లేకుండానే అక్షరాలు తేటపడతాయి. కంటిని దాదాపు పూర్తిగా మూసేశారు. అయినా ఏ అక్షరమూ పోలేదు. పైగా స్పష్టత పెరిగింది. మన తాతలు పేపరు పట్టుకుని వెలుతురున్న అరుగు మీదికి వచ్చి కూర్చునేది కూడా ఇందుకే. ఎండవెలుగులో కంటిపాప చిన్నదై ఆ సూదిరంధ్రం పనే చేస్తుంది.

శుక్లాల విషయంలో ఈ తెలివిడి ఇంకా అవసరం. కంటి కటకంలో ఒక పక్క మసక ఏర్పడితే చూపులో ఆ పక్కన మచ్చ కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ప్రతి ముక్కా మొత్తం బొమ్మను గీసేదే కాబట్టి మసక మొత్తం దృశ్యం మీద పొగమంచులా పరుచుకుంటుంది. రాత్రి వాహనాల లైట్లు చిందినట్టు కనిపిస్తాయి. దృశ్యంలో ఒక మూల మాత్రమే నల్లబడినా, పక్క నుంచి తెర దిగుతున్నట్టు అనిపించినా అది చాలావరకు కటకం లోపం కాదు. తెర లోపం. అంటే రెటీనాదో, దాని నుంచి మెదడుకు వెళ్లే నాడిదో. రెటీనా ఊడుతున్నప్పుడు గంటలూ రోజులూ లెక్కలోకి వస్తాయి. శుక్లమేలే, సంక్రాంతి అయ్యాక చూద్దాం అనుకుంటే చూపు పోవచ్చు. కటకం సగం మూస్తే బొమ్మ సగం పోదు, తెర సగం చిరిగితే పోతుంది. పదో తరగతిలో ఈ తేడా చేతులారా చూసిన పిల్ల ఇంట్లో అమ్మమ్మను ఆస్పత్రికి ఈరోజే తీసుకెళ్లాలో, వచ్చే నెలైనా పర్వాలేదో అడిగి తెలుసుకునే పిల్ల అవుతుంది.

శుక్లం తీసిన కంటికి ఒకప్పుడు సోడాబుడ్డి అద్దాలే గతి. కటకం తీసేసి, దాని బదులు ముక్కు మీద మందపాటి గాజు పెట్టేవారు. మెట్టు ఒకచోట కనిపించేది, కాలు ఇంకోచోట పడేది. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే కంటి వైద్యుడు, యుద్ధంలో విమానాల పెర్‌స్పెక్స్ పైకప్పు ముక్కలు గుచ్చుకున్న పైలట్ల కళ్లు ఆ ప్లాస్టిక్‌ను తిప్పికొట్టడం లేదని గమనించాడు. 1949 నవంబరులో ఆ ప్లాస్టిక్‌తోనే చేసిన కటకాన్ని కంటిలో అమర్చాడు. తోటి వైద్యులు ఏళ్ల తరబడి ఆయన్ను వ్యతిరేకించారు. 1992లో మదురైలో అరవింద్ కంటి వైద్య సంస్థ సొంతంగా కటకాల తయారీ మొదలుపెట్టాక వాటి ధర సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. హైదరాబాద్‌లో 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన కంటి వైద్య సంస్థకు సినీ దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ పేరు ఉండటం ఎంతో సముచితం. కెమెరా కటకంతో జీవితాన్ని కట్టుకున్న మనిషి, జనం కళ్లలోని కటకాల కోసం భూమీ డబ్బూ ఇచ్చాడు.

ఇక బడి సంగతి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠ్యపుస్తకాల్లో ప్రయోగాలు లేవని ఎవరూ అనలేరు. కొవ్వొత్తి, తెర, వి-స్టాండు పెట్టి కొలిచే కృత్యాలు ఉన్నాయి. కొరత సమయానిది, వరసది. పరీక్షలో మార్కులు పటానికి వస్తాయి గనుక ముందు పటం, తర్వాత సూత్రం, వీలుంటే చివర్లో ప్రయోగం. ఆ వీలు చాలా బడుల్లో రాదు. తెర మీద పట్టగలిగిన దాన్ని నిజ ప్రతిబింబం అంటారని వల్లెవేసే పిల్లల్లో, ఒక్కసారైనా దాన్ని తెర మీద పట్టినవాళ్లు ఎందరు? పటాలు మానేయాలని ఇక్కడ ఎవరూ కోరడం లేదు. ఇంజినీరు కావాలనుకున్నవాడికి పటమూ కావాలి, సూత్రమూ కావాలి. కోరేది వరస మార్చమని. మొదటి రోజు గోడ. రెండో రోజు నల్లకాగితం. ఆ తర్వాతే స్కేలు, పెన్సిలు.

దీనికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. వంద రూపాయల లోపు భూతద్దం ఒకటి, కిటికీ ఉన్న తరగతి గది ఒకటి చాలు. కిటికీకి ఎదురు గోడ దగ్గర భూతద్దాన్ని ముందుకూ వెనక్కూ జరిపితే ఒక చోట కిటికీ చువ్వలు, అవతల కొబ్బరిచెట్టు, రోడ్డు మీద వెళ్లే బస్సు రంగులతో సహా గోడ మీదికి దిగుతాయి. బస్సు ఎదురు దిశలో పోతుంది. గోడకూ భూతద్దానికీ మధ్య దూరం స్కేలుతో కొలిస్తే నాభ్యాంతరం తెలిసిపోయినట్టే. అదే భూతద్దంతో ఎండలో కాగితం కాల్చని పిల్లలుండరు. కాగితాన్ని కాల్చే ఆ చుక్క కూడా సూర్యుడి బొమ్మే. నాభ్యాంతరం పది సెంటీమీటర్లయితే దాని వెడల్పు మిల్లీమీటరుకు కాస్త తక్కువ. భూతద్దంలోంచి సూర్యుణ్ని చూడకూడదని మాత్రం ముందే గట్టిగా చెప్పాలి. రెటీనా మీదా అదే చుక్క పడుతుంది.

పరీక్షల్లో ఆరు పటాల్లో ఒకదాని బదులు ఏటా ఒక ప్రశ్న మారిస్తే చాలు. కటకం పైసగం మూస్తే ఏమవుతుంది? తెర తీసేస్తే బొమ్మ ఎక్కడికి పోతుంది? కటకానికి నడిమధ్యన రూపాయి బిళ్ల అంటిస్తే? ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకు దీనివల్ల వచ్చే ఖర్చేమీ లేదు. ఉపాధ్యాయుడికి మాత్రం తరగతిలో ఒక పూట ఇవ్వాలి. ఆ పూటను సిలబస్‌లో రాసిపెట్టాల్సింది విద్యాశాఖ. అంతవరకూ ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. పొద్దున పూట, లోపల లైట్లు ఆర్పి, కిటికీకి ఎదురుగా తెల్లగోడ దగ్గర భూతద్దం పట్టుకుని నిలబడమని పిల్లలకు చెప్పాలి. కొబ్బరిచెట్టు గోడ మీద తలకిందులుగా తేరుకున్నాక, భూతద్దం పైసగాన్ని అరచేత్తో మెల్లగా మూయమనాలి.